వేలిముద్ర గడి

తాడిపత్రిలో నంద్యాల రోడ్డు మీద ఇంకాస్త ముందుకు పోతే
గాలి కూడా తెల్లగా ఉంటుంది.
బండల పాలిష్ నీళ్ళు ఎండి
చెప్పుల మీద, కనురెప్పల మీద, సద్దిగిన్నె మూత మీద
ఒకటే పొడి.
ఎవరిది ఏ ఊరని ఆ పొడి అడగదు.

అడిగేది నేను రాసే రిజిస్టరు.

శనివారం సాయంత్రం కూలి పుస్తకం తెరుస్తాను.
మిషను మీది మొగోళ్ళు, ఈ ఊరోళ్ళు: ఆరువందల యాభై.
మిషను మీది మొగోళ్ళు, బైటోళ్ళు: ఐదువందల యాభై.
"రూము మనదే కదమ్మా" అంటాడు ఓనరు వెంకటశివ.
రూమంటే రేకు, రేకు కింద ఆరుగురు.
బండ తుడిచే ఆడోళ్ళు, ఈ ఊరోళ్ళు: మూడువందల యాభై.
నాలుగో వరుసకు వచ్చేసరికి
పెన్ను కాగితాన్ని కొంచెం ఒత్తుతుంది.
అక్కడ మా అమ్మ ఉంది.
జెమామణి నాహక్. మూడు వందలు.

ఈశ్వరమ్మ, అమ్మ
ఒకే బండకు ఆ కొస ఈ కొస పట్టుకుంటారు.
ఏ కొసన బరువు యాభై రూపాయలు తగ్గిందో
నాకు ఇంతవరకు లెక్క తేలలేదు.
బి.కాం ఫస్టుక్లాసు నేను.

గంజాం నుంచి వచ్చినప్పుడు నాకు ఆరేండ్లు.
పలకను 'పొలొకొ' అన్నానని
ఒకటో తరగతంతా నవ్వింది.
దస్తగిరి సారు నవ్వలేదు.
"నోరు గుండ్రంగా తిరిగే పిల్లకు తెలుగెంతసేపు" అన్నాడు.
నిజమే, ఎంతోసేపు పట్టలేదు.
పట్టింది కులం కాయితానికి.
ఎమ్మార్వో ఆఫీసులో, మీ ఊరికి పోయి తెచ్చుకోపో అన్నారు.
మా ఊర్లో, మీరిప్పుడు ఇక్కడోళ్ళు కాదు కదా అన్నారు.
రెండు కిటికీల నడుమ
మూడేండ్ల స్కాలర్‌షిప్పు ఏ రైలెక్కి పోయిందో.
ఫీజు కట్టింది నా తమ్ముడు టుకునా,
తొమ్మిదో తరగతి ఆపి.

వాడిప్పుడు మిషను మీద నెలకు పద్నాలుగు వేలు తెస్తాడు.
నేను ఫ్యాను కింద తొమ్మిది.
నాకంటే ముందు ఈ కుర్చీలో కూర్చున్న హరినాథకు పదమూడు.
అతనికి డిగ్రీ లేదు, బైకుండేది.
"ఆడపిల్లవు, నీడపట్టున ఉండావు, ఇంకేం కావల్ల?"
నీడకు ఇంత ధర ఉంటుందని
కామర్సులో ఎవరూ చెప్పలేదు.
రేకు అవతల తమ్ముడి దగ్గు వినపడుతుంటే
నాకు తక్కువని చెప్పుకోవడానికీ సిగ్గే.

అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు.

మా అమ్మ ఏడో తరగతి చదివింది.
ఒడియాలో. ఊరందరికీ ఉత్తరాలు రాసేది.
ఇక్కడ పదహారేండ్లుగా వేలిముద్ర.
మొదటి రోజు సంతకమే పెట్టిందంట.
అప్పటి గుమాస్తా చూసి "ఇవి అక్షరాలేనా" అని
ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దినాడంట.
రాసే చేతికి
రాయడం రాదని నేర్పినారు.
నేర్చుకుంది.
నేను గుమాస్తానైన ఈ రెండేండ్లూ
అదే సిరాడబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాను.

ఈ శనివారం డబ్బా ఎండిపోయింది.
లేదు, అబద్ధమెందుకు, నేనే దాచేసినా.
"బొవూ, రాయి" అన్నాను.
ఈ ఊళ్ళో రాయంటే ఎత్తేదే కదా,
అమ్మ చుట్టూ చూసింది.
తర్వాత పెన్ను తీసుకుంది, గుడ్డ పట్టినట్టు పిడికిట్లో.
మెల్లగా వేళ్ళు సర్దుకున్నాయి.
ఒక్కో అక్షరం మీద గొడుగు వేసుకుంటూ
(మన తలకట్టుకు దాయాది లాంటి గొడుగు)
గడి చాలక పక్క గడిలోకి,
'మొత్తం' అని ఉన్నచోటికి వచ్చేసింది.

వెంకటశివ పుస్తకం అటూ ఇటూ తిప్పినాడు.
"ఏందిమే ఇది, జాంగ్రీలు చుట్టినట్టు?"
"సంతకం."
"ఎవురు చదవల్ల దీన్ని?"

నాకూ రాదు.
మా అమ్మ పేరు మా అమ్మ రాసినట్టు చదవడం.

మూడు వందల లెక్కనే ఇచ్చినాడు.
ఎప్పట్లాగే అమ్మ రెండుసార్లు ఎంచుకుంది.
గేటు దగ్గర పేర్చిన బండల ముందు ఆపి
'జె' ఎట్లా రాయాలని అడిగాను.
తెల్లటి పొడిలో రాసి చూపించింది,
బొటనవేలితోనే.
రాసి, అలవాటుగా కొంగుతో తుడవబోయి
ఆగింది.